ఎవరూ ఏమీ అనకుండా చూస్తూ ఊరుకుంటే ఇన్‌చార్జి సిస్టర్ ఏం చేయాలి?

సిస్టర్, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సిటీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెడికల్ వార్డుకి మిమ్మల్ని కొత్తగా ఇన్‌చార్జిని చేశారు. నిన్నటిదాకా మీ పక్కన నిలబడి పనిచేసిన వాళ్లే ఇప్పుడు మీ కింద ఉన్నారు. అందులో ఇద్దరు వయసులోనూ సర్వీసులోనూ మీకంటే పెద్దవాళ్లు. మీరు ఎవరి మీదా అరవరు. రూల్ ఎలా ఉంటే అలా మీ పని మీరు చేసుకుపోతున్నారు. వాళ్లు ఎదురు చెప్పరు, బాగుందనరు, మారినట్టు కూడా కనిపించరు, ఊరికే చూస్తుంటారు. ‘నేను చేసి చూపిస్తే సరిపోతుందా, లేక మెమోలు మొదలుపెట్టాలా’ అని అడిగారు. హైదరాబాద్‌లోనే ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా మొదలుపెట్టి, ప్రైవేటులో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా రిటైర్ అయిన దాన్ని. ఈ విషయం నా మనసుకి చాలా దగ్గరిది కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

వాళ్లు చూస్తున్నారన్నది నిజం. అందులో అనుమానం పెట్టుకోకండి. అయితే మీరు ఏ పనులు చూపిద్దామనుకుంటున్నారో వాటిని వాళ్లు పెద్దగా పట్టించుకోరు. వార్డు ప్రశాంతంగా ఉన్నప్పుడు ఇన్‌చార్జి సిస్టర్ చేతులు కడుక్కుంటే అందులో వింతేముంది? పొద్దున ఎనిమిదింటికి హ్యాండోవర్, అంటే డ్యూటీ దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి పేషెంట్ల సంగతి అప్పగించడం, ఇంకా అవ్వలేదు, కింద ఎమర్జెన్సీ నుంచి రెండు అడ్మిషన్లు వస్తున్నాయి, డిశ్చార్జి పేషెంటు కొడుకు బిల్లు ఎప్పుడొస్తుందని కౌంటర్ దగ్గర గొంతు పెంచుతున్నాడు, ఆ టైములోనే పెద్ద డాక్టరు గారు రౌండ్స్‌కి వచ్చారు. అప్పుడు మీరు ఏం వదిలేస్తారు, ఏం వదలరు? వాళ్ల కళ్లన్నీ అక్కడే ఉంటాయి. ఆ గంటలో మీరు ఏ రూల్ పక్కన పెడితే, ఆ రూల్ తీరిక ఉన్నప్పుడు మాత్రమే పాటించాల్సిందని వార్డు మొత్తం అర్థం చేసుకుంటుంది. ఎవరూ మీతో అనరు, కానీ అర్థం చేసుకుంటారు.

దీనికి రుజువు కూడా ఉంది. అమెరికాలోని ఒక ఆసుపత్రిలో నర్సులు, డాక్టర్లు చేతులు ఎప్పుడు శుభ్రం చేసుకుంటున్నారో పరిశీలించి 2003లో ఫలితాలు అచ్చు వేశారు. గదిలో ఉన్న పై స్థాయి మనిషి చేతులు కడుక్కోకపోతే, అదే గదిలో ఉన్న మిగతావాళ్లు కడుక్కోవడం బాగా తగ్గిపోయింది. ‘కడుక్కోవద్దు’ అని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మన పెద్దవాళ్లు అన్నది ఇదే. చేతుల సంగతి చిన్నదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పేషెంటుని ముట్టుకునే ముందు, ఇంజెక్షన్, క్యాన్యులా (నరంలో పెట్టే సన్నటి గొట్టం) లాంటి శుభ్రమైన పనికి ముందు, రక్తమో మూత్రమో తగిలే పని తర్వాత, పేషెంటుని ముట్టుకున్న తర్వాత, ఆ మంచం, లాకరు ముట్టుకున్న తర్వాత, ఈ ఐదు సందర్భాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినవి. చేతులకి రాసుకునే ఆల్కహాల్ రబ్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు. రష్‌గా ఉన్న వార్డులో ఈ సెకన్లు చాలా ఖరీదైనవి. అందుకే మనిషి ఎలాంటిదో అక్కడ బయటపడుతుంది.

ఆడిట్ రోజున వార్డు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ ప్యాడ్ పట్టుకుని లిఫ్ట్ దిగిందనగానే అందరి చేతులూ మెరిసిపోతాయి. ఆసుపత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ వాళ్లు వస్తున్నారంటే గోడల మీద కొత్త పోస్టర్లు వెలుస్తాయి. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే మనిషి జాగ్రత్త పడతాడు, అది సహజం, తప్పు పట్టాల్సింది కాదు. కానీ ఆడిట్ అయిన మర్నాడు ఆదివారం మధ్యాహ్నం వార్డు ఎలా ఉందన్నది ఇన్‌చార్జి మీద ఆధారపడి ఉంటుంది.

నేను స్టాఫ్ నర్సుగా ఉన్న రోజుల్లో మా సర్జికల్ వార్డుకి ఒక ఇన్‌చార్జి సిస్టర్ ఉండేవారు. చాలా తక్కువ మాట్లాడే మనిషి. ఒకరోజు రౌండ్స్‌లో పెద్ద సర్జన్ గారు ఒక పేషెంటు పొట్ట నొక్కి చూసి, మాట్లాడుతూనే అదే చేత్తో పక్క బెడ్ వైపు తిరిగారు. ఆవిడ ఒక అడుగు ముందుకి వేసి, ముందు తన చేతిలో రబ్ పోసుకుని, సీసా ఆయన ముందుకి చాపి ‘సార్’ అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. ఆయన మాట ఆపకుండానే చెయ్యి చాపారు. వెనకాల పీజీలు, హౌస్ సర్జన్లు, కేస్ షీట్లు పట్టుకుని మేము, ట్రాలీ దగ్గర వార్డు బాయ్, అందరం చూశాం. తర్వాత టీ టైములో కూడా ఎవరం దాని గురించి మాట్లాడుకోలేదు. కానీ రెండు బెడ్లు దాటాక ఒక పీజీ తనంతట తనే సీసా కోసం చెయ్యి చాపాడు. ఆ వార్డులో అప్పటినుంచి రౌండ్స్ ట్రాలీ మీద రబ్ సీసా లేకుండా ఎవరూ బయల్దేరలేదు.

ఆవిడ చేసినదాంట్లో గమనించాల్సిన సంగతి ఒకటుంది. పెద్ద డాక్టరు ముందు చేయడం కష్టమైన పని. ఆయన చిరాకు పడితే ఆ చిరాకు ఆవిడ మీద పడేది. జూనియర్లకి ‘చేతులు కడుక్కోండమ్మా’ అని రోజుకి పదిసార్లు చెప్పొచ్చు, అందులో మనకి పోయేదేం లేదు. తనకి ఇబ్బంది వస్తుందని తెలిసి కూడా రూల్‌ని పట్టుకుని నిలబడిన మనిషిని చూసినప్పుడే జూనియర్‌కి ఆ రూల్ మీద నమ్మకం కుదురుతుంది. పైగా ఆవిడ ఆయన్ని అందరిముందు చిన్నబుచ్చలేదు. గౌరవం తగ్గకుండా గట్టిగా ఎలా ఉండాలో నేను ఆ ఒక్క నిమిషంలో నేర్చుకున్నాను.

ఇక మీ దగ్గర నేను గట్టిగా కోరేది ఒకటుంది. మీ పనిని మీకంటే చిన్నవాళ్ల చేత చెక్ చేయించుకోండి. ఇన్సులిన్‌నే తీసుకోండి. మన దగ్గర వయల్‌లో, అంటే చిన్న మందు సీసాలో, వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లది, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 యూనిట్లది కూడా వార్డులోకి వస్తుంది, దానికి ఆరెంజ్ మూత సిరంజి. 100 యూనిట్ల వయల్ నుంచి ఎర్ర మూత సిరంజిలోకి తీస్తే, గీత మీద 10 అని కనిపిస్తుంది, లోపల మాత్రం 25 యూనిట్లు ఉంటాయి. రాత్రి రెండింటికి ఆ పేషెంటు చెమటలు పట్టి పడిపోయేదాకా ఎవరికీ తెలియదు. అందుకే ఇద్దరు చూడాలన్న రూల్ ఉంది. చాలా వార్డుల్లో ఈ రూల్ ఎలా నడుస్తుందంటే, జూనియర్ తీసిన డోసుని సీనియర్ చూస్తుంది, సీనియర్ తీసిన డోసుని ఎవరూ చూడరు. ‘అక్క తీసింది కదా’ అని రెండో సంతకం కళ్లు మూసుకుని పెట్టేస్తారు.

మీరు డోసు తీసి, మొన్ననే బీఎస్సీ నర్సింగ్ అయి చేరిన అమ్మాయిని పిలిచి, వయల్, సిరంజి రెండూ ఆమె చేతికిచ్చి, ‘చార్టులో ఎంత ఉంది, ఇందులో ఎంత ఉంది, చూసి చెప్పమ్మా’ అనండి. ఆమె మొహమాటంతో ‘కరెక్టే మేడమ్’ అని చూడకుండానే అనేస్తుంది, మొదటిసారి తప్పకుండా అంటుంది. అప్పుడు ‘చదివి చెప్పు’ అనండి. ఆమె వయల్ మీద లేబుల్ పైకి చదివి, గీత లెక్కపెట్టేదాకా ఆగండి. వెనక పేషెంట్లు వెయిట్ చేస్తున్నా సరే ఆగండి. పక్కన మందులు లోడ్ చేస్తున్న ఆ ఇద్దరు సీనియర్లు తల ఎత్తకుండానే ఇదంతా చూస్తుంటారు. ఇన్‌చార్జి అంతటావిడ ఒక ఫ్రెషర్‌కి సిరంజి చూపించి ఆగిందంటే, చెక్ చేయించుకోవడం చిన్నతనం కాదని వాళ్లకి చెప్పకుండానే చెప్పినట్టు. డోసు తప్పితే ప్రాణం మీదికి వచ్చే హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటి మందుల విషయంలో కూడా ఇంతే. ఇలాగే మీ చేతి మీదుగా ఏదైనా పొరపాటు జరిగితే, లేదా జరగబోయి ఆగితే, ఆ పొరపాటుని రాసిచ్చే ఇన్సిడెంట్ ఫారం ముందు మీ పేరు మీదే నిండాలి. ఇన్‌చార్జి ఫారం నింపని వార్డులో మిగతావాళ్లు నింపుతారని ఆశపడకండి.

ఇప్పుడు డ్యూటీ రోస్టర్. నన్నడిగితే వార్డులో అందరూ చాలా శ్రద్ధగా చదివే కాగితం ఇదే. అది గోడకి అంటించిన రోజు ఎవరూ ఏమీ అనరు, ఒక్కొక్కరూ వచ్చి ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. వాళ్ల కళ్లు ముందు వెతికేది మీ పేరునే. సద్దుల బతుకమ్మ సాయంత్రం ఎవరికి పడింది, లష్కర్ బోనాల ఆదివారం ఎవరికి పడింది, సంక్రాంతికి ఊరెళ్లే వాళ్లెవరు, క్రిస్మస్ రాత్రి ఎవరు అని చూస్తారు. ఇన్‌చార్జికి జనరల్ డ్యూటీయే కాబట్టి పండగలు మనకి రూల్ ప్రకారమే సెలవు వస్తాయి. తీసుకుంటే తప్పేం లేదు. కానీ ఏడాదిలో ఒక పెద్ద పండగ, నలుగురూ కావాలనుకునే పండగ, మీ పేరు రాసుకోండి. రాసుకున్నాక దాని గురించి ఎక్కడా చెప్పుకోకండి. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న సిస్టర్‌కి ఇఫ్తార్ టైముకి ఒక పావుగంట ఆమె బెడ్లు మీరు చూసుకోండి. మర్నాడో ఆ మరుసటి వారమో ఇంకెవరో మీరు అడక్కుండానే ఆ పావుగంట తీసుకుంటారు. నేను ఇన్‌చార్జిగా ఉన్న వార్డుల్లో ఇది జరుగుతూ చూశాను.

రోస్టర్‌లో ఇంకో విషయం కూడా కనిపెడతారు. మీకు దగ్గరైన స్నేహితురాలికి ఎన్ని నైట్లు పడ్డాయి అని. నిన్నటిదాకా కలిసి క్యాంటీన్‌కి వెళ్లిన మనిషి ఆమె. ఆమెకి ఒక్క నైట్ తగ్గినా, మీరు చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా ప్రయోజనం ఉండదు. ఆమెతో ముందే విడిగా కూర్చుని చెప్పేయండి.

చేసి చూపించడం అన్న మాటని చాలామంది మంచి మనసుతోనే పక్కదారి పట్టిస్తారు, అది కూడా చెప్పాలి. అన్నీ తామే చేయడం మొదలుపెడతారు. కాలింగ్ బెల్ మోగితే తామే పరుగెత్తడం, బెడ్‌పాన్ తామే పెట్టడం, రిపోర్టుల కోసం ల్యాబ్‌కి తామే దిగడం. ఒకటి రెండుసార్లు ‘ఈ పని నాకు తక్కువ కాదు’ అని తెలియడానికి అది మంచిదే. ఆయమ్మ లేనప్పుడు బెడ్‌షీట్ మార్చిన ఇన్‌చార్జిని ఆయమ్మ ఎప్పటికీ మర్చిపోదు. కానీ రోజూ అదే జరిగితే వార్డు నేర్చుకునేది కష్టపడటం కాదు, మేడమ్ చూసుకుంటుందిలే అని ఊరుకోవడం. మీ సీటులో మీరు చేయాల్సినవి ఉన్నాయి. క్రాష్ కార్ట్‌లో, అంటే ఎమర్జెన్సీ మందుల ట్రాలీలో, మందుల ఎక్స్‌పైరీ చూడటం, ఒక్కో నర్సుకి ఎంతమంది పేషెంట్లు పడుతున్నారో లెక్కేసి పైవాళ్లతో మనుషుల కోసం మాట్లాడటం. మనుషుల కోసం మీరు పైకి వెళ్లి గట్టిగా అడిగారా లేదా అన్నది కూడా వాళ్లు చూస్తారు. ఆరుగురు చేయాల్సిన పని నలుగురితో చేయిస్తూ ఐదు సందర్భాల పోస్టర్ చూపిస్తే ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?

ఇంటికి వెళ్లే టైము కూడా అలాంటిదే. డ్యూటీ అయ్యాక గంటలు గంటలు ఉండిపోయే ఇన్‌చార్జిని చూస్తే, టైముకి వెళ్లడం తప్పేమోనని కొత్తగా చేరిన అమ్మాయిలకి భయం పట్టుకుంటుంది. రాత్రి ఎనిమిది దాటితే ఉప్పల్ వైపో, పటాన్‌చెరు వైపో వెళ్లాల్సిన అమ్మాయికి బస్సు సంగతి ఉంటుంది, ఇంట్లో పసిపిల్ల ఉంటుంది. మీరు హ్యాండోవర్ బెడ్ దగ్గరే నిలబడి సరిగ్గా ఇచ్చి, సరిగ్గా తీసుకుని, టైముకి బ్యాగ్ భుజాన వేసుకోండి. హ్యాండోవర్ శుభ్రంగా ఉంటే టైముకి వెళ్లొచ్చని వాళ్లు నేర్చుకోవాలి. అలసిపోయిన నర్సు చేతిలో మందు తప్పిపోతుంది, ఇది మనందరికీ తెలుసు.

ఇంకోటి, నోరు మెదపకుండా చేసుకుపోతే సరిపోతుందని అనుకోకండి. కారణం తెలియని పని చూసేవాళ్లకి చాదస్తంలా అనిపిస్తుంది. వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు 1847లో, బాలింతల వార్డుకి వచ్చే డాక్టర్లు క్లోరిన్ సున్నం నీళ్లతో చేతులు కడుక్కోవాలని పెట్టాడు. ఆ ఏప్రిల్‌లో నూటికి 18 మంది దాకా బాలింతలు చనిపోతుండగా, కొన్ని నెలల్లో అది రెండు శాతానికి దగ్గరగా వచ్చింది. అంత కళ్లెదుట కనిపించినా తోటి డాక్టర్లలో చాలామంది ఒప్పుకోలేదు. ఆయన తన వాదనంతా పుస్తకంగా రాసింది 1861లో. రాసేసరికి ఏళ్లు గడిచిపోయాయి, మనసులు విరిగిపోయాయి. అందుకని చేసేటప్పుడు ఒక్క ముక్క పైకి అనండి. క్యాన్యులా పెట్టే ముందు మీలో మీరు అనుకున్నట్టే, ‘గ్లౌజులు వేసుకున్నా రబ్ చేసుకోవాలి, వీటికి కంటికి కనిపించని చిల్లులు ఉండొచ్చు’ అనండి. ఎవరినీ చూసి అనకండి. పక్కనున్న అమ్మాయికి ఒక కారణం దొరుకుతుంది, రేపు ఇంకొకరికి తనే చెబుతుంది.

మారినట్టు కనిపించడం లేదన్నారు. ఎలా కనిపిస్తుందని మీరు ఎదురుచూస్తున్నారు? ఎవరూ వచ్చి ‘మేడమ్, మిమ్మల్ని చూసి నేర్చుకున్నాను’ అనరు. మన సిటీ వార్డుల్లో తెలుగు, ఉర్దూ, మలయాళం అన్నీ కలిసి ఉంటాయి, ఏ భాషలోనూ ఎవరూ అలా అనరు. మార్పు వేరేచోట వెతకండి. రబ్ సీసాలు నెలకి ఎన్ని ఖాళీ అవుతున్నాయో స్టోర్ ఇండెంట్‌లో, అంటే స్టోర్ నుంచి సామాను తెప్పించుకునే పత్రంలో, చూడండి. వెయ్యి పేషెంటు రోజులకి (ఒక పేషెంటు వార్డులో ఒక రోజు ఉంటే ఒక పేషెంటు రోజు) ఎన్ని లీటర్లు అన్న లెక్క ప్రపంచ ఆరోగ్య సంస్థే వాడుతుంది. తెల్ల డబ్బాలో పడిన సూదుల మీద మూతలు ఉన్నాయా అని డబ్బాలో చెయ్యి పెట్టకుండా పైనుంచి చూడండి. ఎర్ర సంచిలో పడాల్సిన ఐవీ సెట్టు (సెలైన్ ఎక్కించే గొట్టం) పసుపు సంచిలో పడుతోందా చూడండి. ఇన్సిడెంట్ ఫారాలు పెరిగితే భయపడకండి, దాచడం తగ్గిందని అర్థం. ముఖ్యంగా నైట్ డ్యూటీ అమ్మాయి మీకు ఫోన్ చేసి ‘డోసు అనుమానంగా ఉంది మేడమ్’ అని అడిగిన రోజు వస్తుంది, ఆ రోజు గొంతులో నిద్ర చిరాకు రానివ్వకండి.

ఆ ఇద్దరు సీనియర్ల గురించి. వాళ్లు మిమ్మల్ని ధిక్కరిస్తున్నారని తొందరపడి అనుకోకండి. ఎంతోమంది ఇన్‌చార్జులు రావడం, ఊదరగొట్టడం, ఆరు నెలలకి మానేయడం చూసిన వాళ్లు. మీరు ఎన్నాళ్లు నిలబడతారో చూస్తున్నారు, అది వాళ్ల హక్కు అనుకుంటాను. వాళ్ల చేతిలో పని ఉంది. కొత్త నర్సులకి దొరకని సన్నటి నరం ఆ అక్కకి దొరుకుతుంది. ‘అక్కా, ఈ బెడ్‌కి నరం దొరకడం లేదు, కొత్త పిల్లకి నువ్వు చూపిస్తావా’ అని అడగండి. నిన్నటిదాకా అక్కా అన్న మనిషిని ఇవాళ పేరు పెట్టి సిస్టర్ అని పిలవక్కర్లేదు. నేర్పేటప్పుడు తప్పుగా చేసి చూపించడానికి ఎవరికీ మనసొప్పదు. రబ్ చేసుకునే చూపిస్తారు. వాళ్లని కూడా నలుగురూ చూసేచోట నిలబెట్టండి, మీరు చెప్పాల్సిన అవసరం సగం తగ్గుతుంది.

మెమో అసలు వద్దా అంటే, వద్దనను. చూసి నేర్చుకునేదాకా ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టడం అందులో మొదటిది. ఆ సూది గుచ్చుకుంటే, పేషెంటుకి ఉన్నదాన్ని బట్టి, టీకా లేని నర్సుకి హెపటైటిస్ బి వచ్చే అవకాశం 6 నుంచి 30 శాతం. హెపటైటిస్ సి 0.2 నుంచి 1.8 శాతం, హెచ్‌ఐవీ సుమారు 0.3 శాతం. ఇక్కడ మొదటిరోజే నోటితో, విడిగా, గట్టిగా చెప్పండి. మళ్లీ చూస్తే మళ్లీ చెప్పి రాసి పెట్టుకోండి. మూడోసారి మెమో ఇవ్వండి, అది మీ స్నేహితురాలైనా ఇవ్వండి. చూడకుండా డబుల్ చెక్ సంతకం పెట్టడం, ఇవ్వని మందుని ఇచ్చినట్టు చార్టులో రాయడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. మెమో నలుగురి ముందు ఇవ్వకండి.

ఈ వారం మొదలుపెట్టడానికి ఒక పని చెబుతాను. మీ వార్డులో హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, అంటే మొదటిది, నెలకి ఒకటి, ఆరో నెలకి ఒకటి, ఎంతమంది పూర్తి చేసుకున్నారో, తర్వాత యాంటీబాడీ టైటర్, అంటే టీకా పట్టిందో లేదో చెప్పే రక్తపరీక్ష, ఎంతమంది చేయించుకున్నారో ఒక రిజిస్టర్ పెట్టండి. టైటర్ 10 mIU/mL దాటాలి. ఆయమ్మలు, వార్డు బాయ్‌లు, చెత్త సంచులు మోసే వాళ్లు కూడా అందులో ఉండాలి, సూదులు వాళ్లకి కూడా గుచ్చుకుంటాయి. ఎవరినీ అడగక ముందు మీ టైటర్ మీరు చేయించుకుని, ఆ రిపోర్టు మొదటి పేజీలో అతికించండి. తక్కువ వస్తే బూస్టర్ వేయించుకుని అది కూడా రాయండి. రిజిస్టర్‌ని లాకర్లో పెట్టకుండా నర్సింగ్ స్టేషన్ టేబుల్ మీదే ఉంచండి.